నాన్న సూదిపెట్టె

నాన్న పోయి, దినకార్యాలన్నీ ముగిసి, చుట్టాలు ఎవరి ఊళ్లకు వాళ్లు బస్సులెక్కాక, అటక మీది సామాన్లు దించమని అమ్మ పట్టుబట్టింది. పోయినవాళ్ల వస్తువులు ఇంట్లో మిగిలితే వాళ్లు గుమ్మం దాటి వెళ్లలేరని ఆవిడ నమ్మకం. కూర్మన్నపాలెంలో మా ఇల్లు ఎంత చిన్నదో అటక అంత పెద్దది. పాత వలముక్కలు, సొట్టలు పడ్డ క్యాన్లు, నాన్న స్టీలు ప్లాంటులో పెట్టుకున్న పసుపుపచ్చ హెల్మెట్టు, ఒక్కొక్కటే దింపుతుంటే గోనెపట్టాలో చుట్టి కొబ్బరితాడుతో బిగించిన పెట్టె ఒకటి చేతికి తగిలింది. ముడి చూడగానే నాన్న వేసిందని తెలిసింది. సముద్రం మీద నేర్చిన ముడి అది. లాగేకొద్దీ బిగుస్తుంది, ఎక్కడ నొక్కాలో తెలిసినవాడికే ఊడుతుంది. నాకు తెలియదు కాబట్టి తాడు కోయాల్సి వచ్చింది. గోనె విప్పగానే డీజిలూ, ఉప్పూ, ఎండుచేపలూ కలిసిన వాసన ముఖాన కొట్టింది. ఇన్నేళ్లూ ఎక్కడ దాక్కుందో ఆ వాసన! అరవై దాటినవాణ్ని, బడిపిల్లలకు ఫిజిక్సు చెప్పి రిటైరైనవాణ్ని, నిచ్చెన మెట్టు మీద కూర్చుని వెక్కివెక్కి ఏడ్చాను.

ఆ పెట్టెను రేవు పక్కన మేం పుట్టిపెరిగిన జాలర్ల పేటలో సూదిపెట్టె అనేవారు. దిక్సూచి అన్న పెద్దమాట నేను బళ్లో నేర్చుకున్నాను. జానెడు వెడల్పున్న టేకుపెట్టె, మధ్యలో ఇత్తడి గిన్నె, దాని మీద గాజుమూత, లోపల ద్రవంలో తేలుతూ దిక్కులు గీసిన గుండ్రటి బిళ్ల. తాతల కాలం నుంచీ మావాళ్లు తెప్పల మీద వేటకు వెళ్లినవాళ్లు. యారాడ కొండ ఎటుందో, దానికి ఏ పక్కన సింహాచలం కొండ తేలుతోందో చూసుకుని తామెక్కడున్నారో చెప్పేవారు. కొండలు కనిపించనంత దూరం పోవాల్సిన పని తెప్పకు లేదు. ఇంజను బోట్లు వచ్చాక ఆ కొండలు మునిగిపోయే చోటికి వెళ్లక తప్పలేదు. ఒక సావుకారు కొత్త బోటు దింపి, దాన్ని నడిపే సరంగుగా నాన్నను పెట్టుకుని, ఈ పెట్టెను చేతికిచ్చాడు. రేవులో వదిలేస్తే ఎవరైనా ఎత్తుకుపోతారని వేట నుంచి వచ్చినప్పుడల్లా నాన్న దాన్ని చంకలో పెట్టుకుని ఇంటికి తెచ్చేవాడు. దేవుడి పటాల పక్కన దానికి చోటు చూపించారు. అప్పట్లో మా ఇంట్లో నాకు కూడా అంత మంచి చోటు లేదు.

అమ్మ పొద్దున్నే లేచి పొయ్యి రాజేసి చోడంబలి కాచేది. ఆ తర్వాత అడ్డపొగ బిగించి ఇసకలో చేపలు ఆరవేసేది. చుట్టను నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని మాట్లాడుతూ, తిడుతూ, కాకుల్ని తోలుతూ, ఒక్కనాడూ నాలుక కాల్చుకోకపోవడం నాకు ఇప్పటికీ వింతే. పెట్టె వచ్చాక అన్నిటికంటే ముందు దానికి పసుపు రాసి బొట్టు పెట్టడం మొదలైంది. పేట పేటంతా చూడ్డానికి వచ్చింది. పెట్టెను ఎటు తిప్పినా లోపలి బిళ్ల ఒకే వైపు చూస్తుంటే అందరూ నోళ్లు వెళ్లబెట్టారు. అమ్మకు అదే నచ్చలేదు. "నరుడి దిష్టికి నాపరాళ్లే పగిలిపోతాయి. ఇదెంత" అని గొణుక్కుంటూ తిరిగింది. దిష్టికి మా ఆడవాళ్ల దగ్గర ఒకటే మందు, ఇనుము. బాలింత మంచం కింద కత్తి, పసిపిల్ల తలగడ కింద మేకు, కొత్త తెప్ప ముక్కున ఇనుపరేకు. అదీ మగవాళ్లకు చెప్పకుండా పెట్టాలి. వేటకు వెళ్లే మనిషికి తెలిస్తే ఆ కట్టు పనిచేయదంటారు.

చిన్నాన్న మాత్రం ఆ పెట్టెను చూసి నవ్వేవాడు. నాన్నకు సొంత తమ్ముడు, అదే బోటు మీద పనిచేసేవాడు. పక్కపక్క గుడిసెలు మావి. సాయంత్రం అమ్మా పిన్నీ ఒకే పొయ్యి మీద చేపల పులుసు పెడితే అందరం ఇసకలో గుండ్రంగా కూర్చుని తినేవాళ్లం. "అన్నకిప్పుడు పెళ్లాం మాట కన్నా సూది మాటెక్కువ" అని చిన్నాన్న అంటే పిన్ని గరిటెతో కొట్టబోయేది. ఒకరోజు బళ్లో మేష్టారు కడ్డీ అయస్కాంతాన్ని మా ఇసకలో పొర్లించి తీశారు. దాని రెండు చివళ్లకూ నల్లటి రజను గడ్డాల్లా వేలాడింది. మన నేల కిందే అలాంటి అయస్కాంతం ఉందని, భూమే ఒక పెద్ద అయస్కాంతమని, ఉత్తరం వైపున్నది నిజానికి దాని దక్షిణ ధ్రువమని, అందుకే సూది మొన అటు తిరుగుతుందని ఆయన చెప్పారు. పేరు ఉత్తరం, గుణం దక్షిణం అన్నమాట. ఆ సాయంత్రం పులుసు చల్లారిపోతున్నా పట్టించుకోకుండా అదంతా వాళ్లకు చెప్పాను. నాన్న అన్నం కలపడం ఆపి విన్నాడు. "ఇన్నావా? భూదేవే దారి సూపిత్తందిరా మనకి" అన్నాడు తమ్ముడితో. "భూదేవికి సముద్రం గొడవేటి తెల్సు అన్నా? ఆవిడ కాళ్లు ఎప్పుడైనా తడిసినాయేటి?" అన్నాడు చిన్నాన్న. అందరం పడీపడీ నవ్వాం. మా రెండు కుటుంబాలూ కలిసి అంతలా నవ్వింది అదే ఆఖరని అప్పుడు ఎవరికి తెలుసు?

ఆ వేట గురించి నాకు తెలిసిందంతా బోటు మీదున్న ఇద్దరు కళాసీలు తర్వాత పేటలో చెప్పగా విన్నదే. పెట్టె చేతికొచ్చాక అంతవరకూ వాళ్లు రేవు నుంచి ఎదురుగా సముద్రం లోపలికి పోయి, అదే దారిన వెనక్కి వచ్చే వేటలే చేశారు. ఆసారి చేపలు ఉత్తరాన పడుతున్నాయని విని ఒడ్డు వెంట కళింగపట్నం దాటి వెళ్లారు. వెళ్లేటప్పుడు ఎండ కాసింది, తీరం కనిపిస్తూనే ఉంది, పెట్టె వంక చూడాల్సిన పనే పడలేదు. తిరిగొచ్చేటప్పుడు వాయుగుండం కమ్ముకుంది. కొండ లేదు, చుక్క లేదు, పగలో రాత్రో తెలియని మబ్బు. నాన్న పెట్టె మూత తీసి, నైరుతికి సరిచూసుకుని చుక్కాని పట్టాడు. కాసేపటికి చిన్నాన్న కెరటాల వంక చూస్తూ వెనకనుంచి వచ్చాడట.

"అన్నా, కరటం ఎడం పక్క తగలాల. ముక్కుకి ఎదురొత్తంది. మనం నేలకి కాదు, నీటికి పోతన్నాం."

"గాలికి కరటం తిరిగుంటాది. సూది సూడు, సరిగ్గానే ఉంది."

"సూది సంగతి నాకు తెల్దు. నా ఒళ్లు సెప్తంది."

"నీ ఒళ్లు అబద్దం సెప్పుద్దిరా. సూది సెప్పదు" అన్నాడట నాన్న.

బోటు పోతూనే ఉంది. లోతు కొలిచే తాడు వేస్తే అడుగు తగల్లేదు. ఒడ్డు దగ్గరపడుతుంటే అడుగు తగలాలి కదా. అప్పుడు నాన్న ముఖం తెల్లబోయిందని కళాసీలు చెప్పారు. ఆ తర్వాత డీజిలు అయిపోయింది. ఇంజను ఆగిన బోటును సముద్రం తన ఇష్టం వచ్చినట్టు ఆడించింది. ఊడిపోతున్న వలను కట్టడానికి ముందుకెళ్లిన చిన్నాన్నను ఒక కెరటం ఎత్తుకుపోయింది. నాన్న అతని పేరు పెట్టి అరుస్తూనే ఉన్నాడట, గొంతు పోయేదాకా. వాన వెలిశాక వేరే బోటువాళ్లు చూసి వీళ్లను రేవుకు లాక్కొచ్చారు. నాన్న దిగేటప్పుడు ఆ పెట్టె ఆయన చంకలోనే ఉంది. ఎందుకు పట్టుకున్నాడో ఆయనకే తెలిసి ఉండదు.

పిన్ని ఒడ్డున నిలబడి దిగినవాళ్లను ఒక్కొక్కరినే చూసింది. ఇంకెవరూ దిగడం లేదని అర్థమై, జరిగింది కళాసీల నోట విన్నాక గుప్పెడు ఇసక తీసి నాన్న ముఖాన కొట్టింది. "సూది మాటిన్నావు, తమ్ముడి మాటిన్నేదు. నీ గుమ్మం నాను తొక్కను. నా గుమ్మం నువ్వు తొక్కీకు" అంది. నాన్న ఇసక దులుపుకోలేదు. కళ్లలో పడ్డదాన్ని కూడా తుడుచుకోలేదు. అలాగే నడిచి ఇంటికొచ్చి, పెట్టెను గోనెలో చుట్టి కట్టేశాడు. అమ్మ దానికి మళ్లీ బొట్టు పెట్టలేదు.

నాన్న మరి సముద్రంలో అడుగుపెట్టలేదు. అదే రోజుల్లో స్టీలు ప్లాంటు కడుతున్నారు, కంట్రాక్టు కూలీలు కావలసి వచ్చారు. మేము పేట వదిలి కూర్మన్నపాలెం చేరాం. నాన్న ముందు ఇటుకలు మోశాడు, తర్వాత కొలిమి దగ్గర పనికి కుదిరాడు. సముద్రం మీద పెరిగినవాడు నిప్పు దగ్గర ముసలివాడయ్యాడు. కానీ నేను చెప్పాలనుకున్నది ఆయన పని గురించి కాదు. నాన్న దిక్కుల పేర్లు పలకడం మానేశాడు. ఇటు, అటు అనేవాడు, లేకపోతే చెయ్యి చూపించేవాడు. ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రి వచ్చి తూర్పు ఎటని అడిగితే లేచి బయటికి వెళ్లిపోయాడు. మద్దిలపాలెంలో బస్సు ఎక్కాలంటే, బోర్డు చదవడం వచ్చి కూడా, పక్కనున్నవాణ్ని ఒకసారి, కండక్టరును ఒకసారి అడిగేవాడు. ఎక్కాక కూడా నమ్మకం ఉండేది కాదు, కిటికీలోంచి తల బయటపెట్టి చూస్తూ కూర్చునేవాడు. ఆయన పక్కన కూర్చున్నప్పుడల్లా నాకు సిగ్గేసేది, తర్వాత ఏడుపొచ్చేది. కాకినాడ రేవు నుంచి గోపాలపూర్ దాకా తీరమంతా కళ్లు మూసుకుని చెప్పగలిగిన మనిషి, ఇంటికి పోయే బస్సు ఏదని పరాయివాళ్లను బతిమాలుతున్నాడు.

చిన్నాన్న తిథి వచ్చిన రోజున మాత్రం బియ్యం, చీర పట్టుకుని పేట దాకా వెళ్లేవాడు. వీధి మొదట్లో నిలబడి ఎవరిచేతనైనా లోపలికి పంపేవాడు. అవి అలాగే తిరిగొచ్చేవి. "పుచ్చుకోలేదు" అని ఇంటికొచ్చి అమ్మకు ఇచ్చేసేవాడు. ఆ చీరలు కట్టుకోవడానికి అమ్మకు చేతులు రాక ఎవరెవరికో పంచిపెట్టేది. తెలిసినవాళ్లు ఎంతో చెప్పారు పిన్నికి. చచ్చినవాడి కోసం బతికున్నవాణ్ని చంపకు అన్నారు. ఆవిడ వినలేదు. ఇప్పుడు నాన్న పోయినా రాలేదు.

నేను టీచరయ్యాక ఒక ఆదివారం పాఠం రాసుకుంటుంటే నాన్న వచ్చి పక్కన కూర్చున్నాడు. టీవీలో ఏదో విన్నట్టున్నాడు. చాలాసేపు గోళ్లు చూసుకుని, "ఒరే, ఉత్తరం కదుల్తాదంట. నిజమేటి?" అన్నాడు. ఆ మాట ఆయన నోట విని చాలా ఏళ్లయింది. నాకు ఉత్సాహం వచ్చింది. నిజమే నాన్నా అన్నాను. భూమి నడిబొడ్డున కరిగిన ఇనుము పొర్లుతూ ఉంటుందని, ఆ కదలికలోంచే ఈ అయస్కాంతం పుడుతుందని, ఆ పొర్లాటలో తేడా వచ్చినప్పుడల్లా ధ్రువం కూడా జరుగుతుందని, కెనడా పైనున్న దీవుల నుంచి సైబీరియా వైపు నడుస్తోందని చెప్పాను. ఎప్పుడో మనుషులు పుట్టకముందు ఉత్తర దక్షిణాలు పూర్తిగా తారుమారయ్యాయని, ఆ సంగతి కరిగి గట్టిపడ్డ రాళ్లలో ఇంకా ఉందని కూడా చెప్పాను.

"మా కొలిమిలో పారే ఇనుము లాటిదేనా?"

"అలాంటిదే. కానీ మన ఊహకి అందనంత."

"అది పొర్లుతుంటేగాని ఇక్కడ సూది నిలబడదన్నమాట." గొంతు తగ్గించాడు. "మరైతే... ఆనాడు గాని అది కదిలుంటాదేటిరా?"

అప్పటికి గాని నాకు అర్థం కాలేదు ఆయన ఎందుకొచ్చి కూర్చున్నాడో. ఔనన్న మాట నోటిదాకా వచ్చింది. ఆయన నా కళ్లలోకి చూస్తున్నాడు, అబద్ధం చెబితే పట్టేసుకునే మనిషి. "లేదు నాన్నా. అది ఏళ్ల తరబడి కాస్త కాస్త జరుగుతుంది. మన వైపు ఆ తేడా తెలియనే తెలియదు. ఒక్కరోజులో అలా తిరగదు" అన్నాను. నేను చెప్పింది నిజం. ఇప్పటికీ ఎవరడిగినా అదే చెబుతాను. నాన్న తలూపి లేచాడు. కుండలో నీళ్లు ముంచుకుని తాగి, గ్లాసు బోర్లించి, "అయితే నానే" అన్నాడు. ఆ తర్వాత ఎప్పుడూ దాని గురించి అడగలేదు.

ఇవన్నీ తలుచుకుంటూ పెట్టెను కిందికి దింపి, తుడిచి, వసారాలో బల్ల మీద పెట్టాను. ద్రవం సగం ఆవిరైపోయినా బిళ్ల ఇంకా తిరుగుతూనే ఉంది. ఉద్యోగం చేసినన్నాళ్లూ పిల్లల ముందు దిక్సూచి తిప్పిన అలవాటు కదా, చేతులు ఊరుకోక పెట్టె ముఖాన్ని తూర్పుకు తిప్పాను. సరిగ్గా ఉంది. పడమటికి తిప్పాను. సరిగ్గానే ఉంది. దక్షిణానికి తిప్పేసరికి బిళ్ల ఉండాల్సిన చోట ఉండకుండా పక్కకు జరిగిపోయింది. పాతబడింది కదా అనుకున్నాను. మళ్లీ తిప్పాను. మళ్లీ అంతే. నైరుతికి పెట్టి చూస్తే, పెట్టె నైరుతి అని చెబుతున్నది నిజానికి సముద్రం లోపలి వైపు. బల్ల కింద ఇనుపముక్క ఏదైనా ఉందేమోనని వెతికాను. లేదు. పెట్టెను బోర్లించాను. అడుగున తారు పూసిన గుడ్డ అతికించి ఉంది. చాకుతో లేపి చూస్తే, పలకకు ఒక పక్కగా, చుట్టూ మేకులతో దిగ్గొట్టి, అరిగిపోయిన గుర్రపు లాడం.

అది ఏం చేసిందో చెప్పడానికి నాకు పుస్తకం అక్కరలేదు. పిల్లలకు ఎన్నిసార్లు చెప్పలేదు! ఇనుమును సుత్తితో బాదితే, ఆ దెబ్బలకు అది ఈ భూమి నుంచే కాస్త అయస్కాంతపు గుణం పట్టుకుంటుంది. అలాంటిది సూది కిందే ఉంటే భూమి ఒక వైపు, లాడం ఒక వైపు లాగుతాయి. లాడం ఉన్న తీరును బట్టి తూర్పు పడమరలకు పోయినప్పుడు సూది నిజం చెబుతుంది, ఉత్తర దక్షిణాలకు తిరిగినప్పుడు అబద్ధం చెబుతుంది. రేవు నుంచి ఎదురుగా పోయి తిరిగొచ్చినన్నాళ్లూ నాన్న దాన్ని నమ్మడంలో తప్పేముంది? మేకులు పీకి లాడాన్ని దూరంగా పడేసి మళ్లీ చూశాను. ఎటు తిప్పినా బిళ్ల వణికి, సర్దుకుని, ఉత్తరాన నిలబడింది. అయితే నానే అన్నాడు కదా! నువ్వు కాదు నాన్నా అని చెప్పడానికి ఆయన లేడు. నెల కింద ఈ అటక సర్దుకుని ఉంటే ఉండేవాడు. ఈ ఆలోచన నన్ను ఇప్పటికీ నిద్రపోనివ్వడం లేదు.

"అదేట్రా పీకుతన్నావు?" అంటూ అమ్మ గోడ పట్టుకుని వచ్చింది. లాడాన్ని చూడగానే ఆవిడ ముఖం విప్పారింది. నాన్న పోయాక ఆ ముఖంలో వెలుగు చూడడం అదే మొదటిసారి. "ఓలమ్మ! ఇదింకా ఉందేటి! నానే కొట్టినాన్రా. వన్‌టౌన్‌లో జట్కాలోడి కాడ అడిగి తెచ్చినాను. మీ నాన్నకి సెప్పనేదు. సెప్పకూడదు." దాన్ని తీసుకుని చీరకొంగుతో తుడిచింది. "ఒకే బోటు మీద అన్నదమ్ములిద్దరూ ఎల్లినారు. ఒకడే తిరిగొచ్చినాడు. ఎందుకొచ్చినాడనుకుంతన్నావు? ఈ ఇనుముండబట్టే. మీ నాన్నని సముద్రం కాడినుంచి లాక్కొచ్చి నాకిచ్చింది ఇదేరా." కళ్లకద్దుకుంది. ఎనభై దాటిన ముసలిది, నోట్లో పళ్లు లేవు, పక్కన మొగుడు లేడు. తన జీవితంలో తాను చేసిన ఒకే ఒక్క గొప్ప పని అదేనని ఇన్నేళ్లూ గుండెలో దాచుకుంది. నాన్న పేరు నిలబెట్టాలంటే అమ్మ పేరు చెప్పాలి. పీకిన మేకులు ఏరి జేబులో వేసుకున్నాను.

అమ్మ అక్కడితో ఆగలేదు. "మీ పిన్ని మనవడు కొత్త బోటు దింపుతన్నాడంట. ఇది ఆడికిచ్చీసి రా" అంది.

"ఎందుకమ్మా ఇప్పుడు?"

"మీ నాన్న ఉన్నన్నాళ్లూ ఆవిడ రానేదు, నాను ఎల్లనేదు. ఇప్పుడాయనే పోనాడు. ఇంకేటి కోపం? నా మొగుణ్ని కాసింది, దాని మనవణ్ని కాయదేటి? ఎల్లు."

బస్సులో పోర్టు పక్కనుంచి వెళ్తుంటే, సంచిలోంచి లాడం తీసి ఆ నల్లనీళ్లలో విసిరేద్దామా అనిపించింది. కానీ అమ్మ ఊరుకోదు, ఎవరిచేతనైనా పిన్నికి ఫోను చేయించి అందిందా అని అడుగుతుంది. ఇప్పటి బోట్లకు జీపీఎస్ ఉంది, ఇచ్చేసి వస్తే ఏమవుతుందిలే అని సర్దిచెప్పుకున్నాను. పేట నేను ఎరిగిన పేట కాదు. గుడిసెలన్నీ డాబాలయ్యాయి. మేమంతా కూర్చుని పులుసు తిన్న ఇసక మీద రోడ్డు వేశారు, దాని పక్కన మొక్కజొన్న పొత్తులు కాలుస్తున్నారు. ఇప్పటివాళ్లు జేబులో ఫోను చూసుకుని సముద్రంలో తామెక్కడున్నారో వేలితో చూపిస్తారు. మా నాన్న తరానికి ఒక్క సూది దొరికింది, దాన్ని నమ్మినందుకు జీవితమంతా ఇచ్చుకున్నారు. నల్లరజను మాత్రం ఇంకా అలాగే ఉంది, రోడ్డు అంచున చారలు చారలుగా.

పిన్ని గుమ్మంలో కూర్చుని రొయ్యలు ఒలుస్తోంది. చూపు తగ్గినట్టుంది, నేనెవరో చెప్పుకోవాల్సి వచ్చింది. కూర్చోమనలేదు. పొమ్మని కూడా అనలేదు. లాడం చేతిలో పెట్టి, అమ్మ పంపిందని, మనవడి బోటుకని చెప్పాను. ఆవిడ దాన్ని వేళ్లతో తడిమింది. మేకు రంధ్రాలు ఒక్కొక్కటే తడిమి, మెల్లగా గుర్తుపట్టింది.

"ఇదదే గదా" అంది. దాన్ని కళ్ల దగ్గరికి తెచ్చుకుని, "అక్క పంపిందా? నాకు పంపిందా?" అని అడిగింది. ఆవిడ గొంతులో ఇన్నేళ్ల బిగువు సడలడం వినిపించింది. "ఆనాడు అక్క కొడతంటే సూదిపెట్టి కదలకుండా పట్టుకున్నది నానే. సావుకారు పెట్టి పగిలిపోద్దేమోనని ఇద్దరం నవ్వుకున్నాం. ఇప్పుడూ అలాగే కొట్టిత్తాను. మా వోడి బోటులోనూ సూదిపెట్టుంది, జీపీఎస్ పోతే అదే దిక్కంటాడు. దాని కిందే కొట్టిత్తాను."

"వద్దు పిన్నీ."

"ఏం?"

మాట దాటెయ్యాలని చూశాను. తలుపు మీద కొట్టించు, గుమ్మానికి మంచిది అన్నాను. "గుమ్మానికేటి దిష్టి? వేటకెల్లేది బోటు గదా. సూదిపెట్టి కిందే కొడతాను" అంది. లోపల గోడ మీద ఆ మనవడి ఫొటో ఉంది. నవ్వు అచ్చం చిన్నాన్నదే. ఇక నా వల్ల కాలేదు.

"సూది కింద వద్దు పిన్నీ. ఇనుము సూదిని లాగుద్ది. దారి తప్పిపోద్ది."

లాడాన్ని తడుముతున్న చెయ్యి ఆగింది. ఇంకేమీ చెప్పాల్సిన అవసరం రాలేదు. ఆవిడ లాడాన్ని ఒడిలో పెట్టుకుని, రెండు చేతులూ ముఖం ముందుకు తెచ్చుకుని, ఎవరివో అన్నట్టు చూసుకుంది. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు.

"ఇన్నాళ్లూ మీ నాన్న మీద కోపంతోనే లేచినాను, కోపంతోనే తొంగున్నాను" అంది చివరికి. "ఇప్పుడు దేంతో బతకమంతావురా?"

కింద పడ్డ రొయ్యను తీసి తట్టలో వేశాను. నేను వెనక్కి తిరిగేసరికి ఆవిడ నా చొక్కా అంచు పట్టుకుంది. "అక్కకి సెప్పకు" అంది. లాడాన్ని నాకు తిరిగివ్వలేదు. రొయ్యల తట్ట కింద, ఎవరికీ కనపడకుండా తోసేసింది.

ఇంటికొచ్చేసరికి అమ్మ వసారాలోనే కూర్చుని ఉంది. అన్నం కూడా తినలేదట. చెప్పులు విప్పకముందే అడిగింది, "ఇచ్చీసినావా? పుచ్చుకుందా?"

"పుచ్చుకుందమ్మా."

"ఏటంది? మీ నాన్నని తిట్టిందా?"

"లేదమ్మా. నాన్న మీద కోపం లేదంది."

అమ్మ కళ్లు ఒత్తుకుంది. బల్ల మీద సూదిపెట్టె తెరిచే ఉంది. దాని గాజు మీద అరచెయ్యి పెట్టి, చిన్నపిల్లలా సంతోషపడుతూ అంది, "ఈ మాట ఇనడానికి మీ నాన్నుంటే బాగుండును గదరా."